నేను చదవని మూడు పేజీలు

బుధవారం సాయంత్రం ఆరున్నరకు ఫోను మోగింది. తెలియని నెంబరు. అవతల ఒక అమ్మాయి, గొంతులో జంకు.

"మేడం, నేను మంజులను. మాది రాయికోడ్ మండలం. జహీరాబాద్‌ల ప్రైవేటు దవాఖానల నర్సును. మీరు జర్మన్ కాగితం తెలుగుల రాసిచ్చిన్రు గద, దాని కింద మీ నెంబరు ఉన్నది. ఒక్క మాట అడుగుత, ఏమనుకోకున్రి. జర్మన్‌ల ఐదు పేజీలున్నయి. తెలుగుల రెండే ఉన్నయి. తక్కిన మూడింట్ల ఏమున్నది మేడం?"

నాకు ఐదు పేజీల కాగితం గురించి అసలు తెలియదు. నా దగ్గరికి వచ్చినవి రెండే.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. భారీ యంత్రాలు తయారుచేసే ఒక కర్మాగారంలో ఇరవై ఎనిమిదేళ్లు జర్మన్ అనువాదకురాలిగా పనిచేశాను. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక మా కాలనీ గ్రంథాలయం బోర్డు మీద ఒక చీటీ అంటించాను: "జర్మన్ ఉత్తరాలు, కాగితాలు ఉచితంగా చదివి పెడతాను." ఒకాయన మందుల పెట్టెలోని చీటీ తెచ్చాడు. ఒకావిడ అత్తగారి పాత కుట్టుమిషను పుస్తకం తెచ్చింది. నాలుగేళ్లుగా ఇలాంటివే. వచ్చిన విద్య నలుగురికి పనికొస్తోంది కదా అని సంబరపడుతుండేదాన్ని.

నెల రోజుల కిందట జహీరాబాద్ నుంచి గోవర్ధన్ అనే ఆయన ఫోన్ చేశాడు. ఏదో విదేశీ ఉపాధి సేవా సమితికి అధ్యక్షుణ్నన్నాడు. పేదింటి నర్సు అమ్మాయిలను జర్మనీ పంపిస్తున్నామని, సేవగా రెండు పేజీలు తెలుగులో రాసివ్వమని అడిగాడు. స్వాగత లేఖ. మా ఊరికి రండి, చలి ఎక్కువ, ఉన్ని బట్టలు తెచ్చుకోండి, హాస్టలుకు బస్సు ఉంది, ఇలాంటి మాటలు. ఒక్క సాయంత్రంలో రాసి, కింద సంతకం పెట్టి, ఫోను నెంబరు వేసి పంపించాను.

"మేడం మొత్తం చదివిన్రు, మంచిగనే ఉన్నదని చెప్పిన్రని గోవర్ధన్ సారు అన్నడు. గందుకే ఒరిజినల్స్ ఇచ్చినం మేడం," అంది మంజుల.

టెన్త్ మెమో మొదలు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ దాకా అసలు కాగితాలన్నీ సమితి దగ్గరే ఉన్నాయట. శుక్రవారం ఉదయం పది గంటలకు హైదరాబాద్‌లో సర్కారు స్టాఫ్ నర్సు ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలన. ఒరిజినల్స్ లేకపోతే వరసలోంచే వెనక్కి పంపేస్తారు. ఎన్నిసార్లు అడిగినా గురువారం ప్రోగ్రాంకు రా, చూద్దాం అంటున్నారట.

ఆ మూడు పేజీలు ఫోటో తీసి పంపమన్నాను. పంపింది. నిలబడే చదివాను. మూడో పేజీలో ఉద్యోగం నర్సుది కాదు, వృద్ధుల వసతిగృహంలో వంటింటి, లాండ్రీ సహాయకురాలిది. నాలుగో పేజీలో, అభ్యర్థి అసలు సర్టిఫికెట్లు మూడేళ్లపాటు మధ్యవర్తి దగ్గరే ఉంటాయి, మధ్యలో అడిగే హక్కు లేదు అని ఉంది. ఐదో పేజీలో, "ఈ షరతులన్నీ నా సొంత భాషలో చదివి అర్థం చేసుకున్నాను," కింద సంతకానికి గీత. ఆ సొంత భాష కాగితమంటే నేను రాసిన చలి, ఉన్ని బట్టల కాగితం. దాన్ని ఐదో పేజీకి పిన్ను చేశారు!

ఒళ్లు మండిపోయింది. ఆ మూడు పేజీలూ అప్పటికప్పుడు తెలుగులోకి రాసి సంచిలో పెట్టుకున్నాను. గురువారం ప్రోగ్రాంలో నాకు సన్మానం చేస్తామని గోవర్ధన్ రెండు వారాలుగా వెంటపడుతున్నాడు, నేను వద్దంటున్నాను. ఇప్పుడు నేనే ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను.

"మస్తు సంతోషం మేడం! కారు పంపిస్త."

"వద్దు. బస్సుకు వస్తాను," అని పెట్టేశాను.

గురువారం ఉదయం ఏడింటికల్లా రామచంద్రాపురం స్టాపులో ఉన్నాను. ఏడూ పదికి జహీరాబాద్ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరమ్మ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టి ఇచ్చింది. ఈ దారిన వెళ్లే ఆడవాళ్లకు ఒక మాట: జిరాక్సు చూపిస్తే ఒప్పుకోరు, అసలు కార్డే ఉండాలి. కాకపోతే కండక్టరమ్మ ఒకసారి చూసి ఆ క్షణమే తిరిగిచ్చేస్తుంది, మూడేళ్లు తన సంచిలో పెట్టుకోదు.

పటాన్‌చెరు దగ్గర ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు పోయింది. నిలబడి ఊగుతూ నన్ను నేనే తిట్టుకున్నాను. కర్మాగారంలో టర్బైను పుస్తకం అనువాదం చేస్తే ప్రతి పేజీ కింద "పదిహేడులో మూడో పేజీ" అని వేసేదాన్ని. ఏ కాగితానికి అనువాదమో, ఎన్ని పేజీలో పైన రాయకుండా ఒక్కటి బయటికి పంపలేదు. ఇనప యంత్రానికి అంత జాగ్రత్త పడ్డదాన్ని, మనుషుల కాగితం దగ్గరికొచ్చేసరికి, ఉచిత సేవే కదా అని, ఏమీ రాయకుండా సంతకం గీకి పంపించాను. గోవర్ధన్ మీద ఎంత కోపం వచ్చిందో నా మీద నాకు అంతే వచ్చింది.

ఎనిమిదింబావుకు సంగారెడ్డి చౌరస్తాలో జనం దిగితే కిటికీ పక్క సీటు దొరికింది. అక్కడే ఎక్కిన ఒక పెద్దమ్మ నా పక్కన కూర్చుంది. కోహీర్ దగ్గర పల్లె. కూతురింటికి జామపళ్లు ఇచ్చి తిరిగి వెళ్తోందట. సంచిలో మిగిలిన రెండు పళ్లలో ఒకటి తుడిచి నా చేతిలో పెట్టింది.

"ఏడికి పోతున్నవమ్మా?"

"జహీరాబాద్. నర్సులను జర్మనీ పంపుతున్నారట, ఆ మీటింగుకి."

"అరె, మా పక్కింటి శోభ గూడ గండ్లనే ఇచ్చింది సర్టిఫికెట్లు!" అంది పెద్దమ్మ. "హైదరాబాద్‌ల ఎవరో పెద్ద మేడం ఉన్నదట. ఆమె అన్ని సదివి సంతకం పెట్టిందట. ఇగ ఫికర్ లేదని శోభ తల్లి ఒకటే సంబురం. పైసలు గూడ తీస్కోదట ఆ తల్లి, పుణ్యాత్మురాలు."

జామపండు చేతిలో ఉండిపోయింది. ఆ మేడం నేనేనని చెప్పడానికి నోరు పెగల్లేదు. సదాశివపేట బస్టాండులో బస్సు ఐదు నిమిషాలు ఆగింది, అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు. కోహీర్ చౌరస్తాలో ఆమె దిగాక కిటికీలోంచి అరిచాను: "ఆ శోభను ఇవాళ మీటింగుకి రమ్మనండి. సర్టిఫికెట్లు వెనక్కి తీసుకోమనండి!"

"ఎందుకమ్మా? ఏమాయె?" అని ఆమె చెయ్యి చెవికి అడ్డం పెట్టింది. బస్సు కదిలిపోయింది.

తొమ్మిదీ నలభైకి జహీరాబాద్. ఊళ్లోకి వచ్చేముందు చెరకు లారీ ఒకటి, దాని వెనక కొత్త ట్రాక్టర్లను మోసుకుపోయే పొడవాటి ట్రైలరు ఒకటి దారి ఇవ్వలేదు గానీ, లేకుంటే పది నిమిషాలు ముందే చేరేదాన్ని. బస్టాండులో మంజుల, వాళ్ల నాన్న శరణప్ప ఎదురుచూస్తున్నారు. అమ్మాయి సన్నగా ఉంది, చూపు సూటిగా ఉంది. ఆయన భుజం మీద తువ్వాలు, కాళ్లకు మడి బురద ఇంకా ఆరలేదు. రెండెకరాల అల్లం, కొంచెం చెరకు. వాళ్ల తాతలు బీదర్ వైపు నుంచి వచ్చినవాళ్లట, అందుకే మంజుల ఆయన్ను అప్పా అని పిలుస్తోంది.

బస్టాండు ఎదురుగా హోటల్లో ఇడ్లీ తిన్నాం. ఇడ్లీ గట్టిగా ఉంది, చాయ్ మాత్రం బాగుంది. శరణప్ప నన్ను బిల్లు ఇవ్వనివ్వలేదు. నా తప్పు ఒప్పుకుని, మూడు పేజీల తెలుగు కాగితం మంజులకు ఇచ్చాను. ఈసారి ఒక్కోదాని మీద "ఐదులో మూడు, ఐదులో నాలుగు" అని వేశాను. చదువుతుంటే ఆమె పెదాలు బిగుసుకున్నాయి. చదివి కాగితాలు నాకు తిరిగిచ్చింది.

"లాండ్రీ పనికి నర్సింగ్ సర్టిఫికెట్లు ఎందుకు మేడం ఆళ్లకు?"

"నువ్వు మధ్యలో వెళ్లిపోకుండా."

శరణప్ప చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నాకు సదువు రాదు మేడం, సంతకం ఒక్కటే వస్తది. సదువుకున్నోళ్లు సంతకం పెడితె సదివే పెట్టిన్రనుకుంటం గద," అన్నాడు. ఆయన మాటలో నిష్ఠూరం లేదు. అందుకే నాకు తల కొట్టేసినట్టయింది.

జర్మనీ వెళ్లడం తప్పని నేననను. భాష నేర్చుకుని, పరీక్ష రాసి, ఆసుపత్రి పేరు, చిరునామా ఉన్న కాగితం మీద వెళ్లి గౌరవంగా బతుకుతున్న నర్సులు ఎందరో ఉన్నారు. ఈ ఐదు పేజీల్లో ఎక్కడా ఒక ఆసుపత్రి పేరు లేదు, ఊరి పేరు తప్ప.

ఆటోలో పది నిమిషాలు, హైవే పక్కన ఫంక్షన్ హాలు. దిగేసరికి గేటు మీద నేనే ఉన్నాను, ఆరడుగుల ఫ్లెక్సీలో! "జర్మన్ భాషా శిరోమణి" అట. ఆ ఫోటో మా గ్రంథాలయం వార్షికోత్సవంలో తీసింది. పక్కనున్నవాళ్లను కత్తిరించేశారు, ఎవరిదో చెయ్యి ఒకటి నా భుజం మీద మిగిలిపోయింది. నన్ను అడిగినవాడు లేడు, చెప్పినవాడు లేడు.

గోవర్ధన్ ఎదురొచ్చాడు. నలభై ఐదేళ్లుంటాయి, మల్లెపువ్వులాంటి చొక్కా, రెండు చేతులా నమస్కారం.

"గోవర్ధన్ గారూ, ముందు ఈ అమ్మాయి ఒరిజినల్స్ ఇవ్వండి. రేపు పొద్దున ఆమెకు పని ఉంది."

"అయ్యో, ఇస్తం మేడం, ఏడికి పోతయి? జర ప్రోగ్రాం కానీయిన్రి. ముఖ్య అతిథి దారిల ఉన్నరు."

ముఖ్య అతిథి దారిలోనే రెండు గంటలు ఉన్నాడు. నన్ను వేదిక మీద, నగిషీలు చెక్కిన పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. హాల్లో ఎనభై మందికి పైగా ఆడపిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు. గుమ్మం దగ్గర బల్ల వేసి ఇద్దరు కూర్చున్నారు. ఐదు పేజీల దొంతరలో నాలుగు వెనక్కి మడిచి, ఐదో పేజీ మాత్రం పైకి పెట్టి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపిస్తున్నారు. ప్రతి పిల్లా సంతకానికి ముందు తలెత్తి వేదిక మీద నన్ను ఒకసారి చూస్తోంది. నన్ను ఎందుకు పిలిచారో, ఆ కుర్చీ అంత ఎత్తున ఎందుకు వేశారో అప్పుడు అర్థమైంది. నా జర్మన్ వాళ్లకు అక్కర్లేదు. నేను అక్కడ కూర్చుంటే చాలు.

దిగి వెళ్లి ఆ బల్ల దగ్గర సంతకాలు ఆపమన్నాను. "అధ్యక్షుల వారిని అడగున్రి మేడం," అన్నారు. అధ్యక్షుల వారిని అడిగితే అతిథి వచ్చేస్తున్నారన్నాడు. మన ఊళ్లలో సేవ అంటే ఇదీ వరస: మైకు, శాలువా, ఫోటో, తర్వాత ఓపికుంటే పని. ఎందరు చదువుకున్నవాళ్లను ఇలా కుర్చీల్లో కూర్చోబెట్టి మోసాలు నడిపిస్తున్నారో! ఒక్కరైనా కాగితం చదివారా అని అడిగే దిక్కు లేదు.

పన్నెండూ నలభైకి అతిథి వచ్చాడు. జ్యోతి వెలిగించారు. ఆయన పదిహేను నిమిషాలు సేవాగుణం గురించి మాట్లాడాడు. తర్వాత నాకు శాలువా కప్పబోతే చేత్తో ఆపి, మైకు అందుకున్నాను. ఒకటీ పది అయింది.

"అమ్మాయిలూ, మీ చేతిలో ఉన్న తెలుగు కాగితం నేనే రాశాను. అది ఒప్పందం కాదు, ఆ ఊళ్లో చలి ఎంత ఉంటుందో చెప్పే ఉత్తరం. నాకు ఇచ్చినవి రెండే పేజీలు. మిగతా మూడూ ఇప్పుడు చదువుతాను," అన్నాను.

మూడో పేజీ చదివాను. నాలుగో పేజీలో సగానికి వచ్చేసరికి మైకు ఆగిపోయింది. అయినా ఆపలేదు. మిషన్ల రొదలో మాట్లాడిన గొంతు నాది, ఆ హాలు నాకొక లెక్కా? అప్పుడు గోవర్ధన్ ముందుకొచ్చి, నవ్వుతూ, చేతులు రెండూ పైకెత్తి ప్రకటించాడు: "మేడం మాటలు తర్వాత విందాం. భోజనాలు తయారుగున్నయి! మటన్ సల్లారుతది, అందరు రావాలె!"

నమ్మండి, సగం హాలు లేచింది. పొద్దున్నుంచి ఆకలి మీదున్నారు పాపం, వాళ్లననడానికి లేదు. పెళ్లయినా చావైనా భోజనాల పిలుపు వినపడితే లేవడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటు. అది తెలిసే పిలిచాడు. నాలుగో పేజీ చివరి వాక్యం కుర్చీల చప్పుడులో కలిసిపోయింది. అంత కోపం నాకు జీవితంలో ఎప్పుడూ రాలేదు.

వెళ్లి ఆ ఎత్తు కుర్చీలోనే కూర్చున్నాను. "మంజుల సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఇక్కణ్నుంచి లేవను," అన్నాను. ముఖ్య అతిథి వాచీ చూసుకుని, ఏదో పనుందని నెమ్మదిగా జారుకున్నాడు.

రెండింటికి గోవర్ధన్ ఒక తెల్ల కాగితం తెచ్చాడు. నవ్వు పోయింది, మర్యాద మాత్రం ఉంది. అందులో టైపు చేసి ఉంది: "ఒప్పంద పత్రాన్ని పూర్తిగా పరిశీలించాను. నాకు ఎటువంటి అభ్యంతరం లేదు."

"ఒక్క సంతకం మేడం. ఈ పిల్ల కవరు ఇప్పుడే చేతుల పెడ్త. లేకుంటె తాళాలు మా కోశాధికారి తాన ఉన్నయి, ఆయన సోమవారం దాంక రాడు."

సోమవారం! అప్పటికి మంజుల ఉద్యోగం వేరొకరిది. శరణప్ప నా కాళ్ల దగ్గర, వేదిక మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తల పైకెత్తాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"పెట్టున్రి మేడం. మీకు దండం పెడ్త. ఐదేండ్ల నుంచి చదువుతున్నది నా బిడ్డ, ఈ నౌకరీ కోసమే. మంది సంగతి మనకెందుకు?"

నిజం చెప్తున్నాను, పెన్ను మూత తీశాను. నా వల్ల పోయిన కాగితాలు నా సంతకంతోనే తిరిగి వస్తాయంటే పెట్టకుండా ఎలా ఉండను? మంజుల వచ్చి నా చేతి మీద చెయ్యి వేసింది.

"వద్దు మేడం. అప్పా, నువ్వు ఊకో. మేడం ఇంకో సంతకం పెడితె ఇంకెవలో నా లెక్కనే ఇస్తరు." తర్వాత నా ఒళ్లోని మూడు కాగితాలు తీసుకుంది. "మీరు ఈడనే కూసోన్రి. నేను పోయి చదివొస్త."

భోజనాల షెడ్డు హాలు వెనక. తలుపులు తెరిచే ఉన్నాయి, నేను వేదిక మీద నుంచే చూశాను, విన్నాను. బల్లల వరసల మధ్య నిలబడి ఆ పిల్ల చదవడం మొదలుపెట్టింది. నాది పుస్తకాల తెలుగు, ఆమె దాన్ని తన మాటల్లోకి మార్చేసుకుంది: "ఇనున్రి అక్కా! నర్సు కొలువు కాదంట. గిన్నెలు తోమాలె, బట్టలు ఉతకాలె. మూడేండ్ల దాంక మన సర్టిఫికెట్లు ఈళ్ల దగ్గర్నే ఉంటయట. నడుమ అడుగుదామన్నా హక్కు లేదట. ఐదో పేజీల సంతకం పెట్టినమంటె గివన్ని ఒప్పుకున్నట్టేనట." ఎవరో నీళ్ల జగ్గు చప్పుడు చేస్తే, "జర ఆపున్రి!" అని కసిరింది. ఒక బల్ల అయ్యాక ఇంకో బల్ల. వడ్డించేవాళ్లు కూడా గరిటెలు పట్టుకుని నిలబడిపోయారు.

ముందు ఇద్దరు లేచారు, విస్తట్లో అన్నం సగం అలాగే ఉంది. తర్వాత ఐదుగురు. మూడింటికల్లా ఇరవై మందికి పైగా చేతులు కడుక్కుని వచ్చి గోవర్ధన్ చుట్టూ నిలబడ్డారు. ఎవరూ అరవలేదు. "మా కవర్లు ఇయ్యున్రి సార్," అనడం, నిలబడడం, అంతే. ఒక తల్లి గుమ్మం దగ్గర బల్ల మీది దొంతరలోంచి తన కూతురు సంతకం చేసిన కాగితాలు వెతికి తీసి, మడిచి రవికెలో దోపుకుంది.

గోవర్ధన్ నీళ్లు నమిలాడు. "తాళాలు కోశాధికారి తాన..." అని మొదలుపెట్టాడు. "కారు డిక్కీల సంచి ఉన్నది, నేను పొద్దున చూసిన," అన్నాడు ఒక తండ్రి. ఆ సంచి వచ్చేసరికి మూడూ ఇరవై. చక్కెర సంచి! నర్సింగ్ కౌన్సిల్ ముద్ర వేసిన కాగితాలు, పిల్లల పదేళ్ల చదువులు, చక్కెర సంచిలో కుక్కి డిక్కీలో వేసుకు తిరుగుతున్నాడు.

పేరు పిలిచినకొద్దీ కవర్లు ఇచ్చాడు. మంజుల తనది తీసుకుని కింద కూర్చుని ఒక్కొక్కటే లెక్క చూసుకుంది. అన్నీ ఉన్నాయి. శరణప్ప తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. నేను కోహీర్ వైపు శోభ ఎవరమ్మా అని రెండుసార్లు పిలిచాను. రాలేదు. రానివాళ్ల కవర్లు, భోజనం దగ్గర నుంచి లేవనివాళ్ల కవర్లు మళ్లీ సంచిలోకి, సంచి మళ్లీ డిక్కీలోకి వెళ్లిపోయాయి. అవి కూడా ఇచ్చేయమంటే, "ఆళ్లు అడుగలే గద మేడం," అన్నాడు. కారు వెళ్లిపోయింది. పోలీసులకు రాసిద్దామంటే ఆ తండ్రులెవరూ ముందుకు రాలేదు, బిడ్డల పేర్లు బయటపడతాయని. నేను ఒక్కదాన్నే రాసిచ్చి, చేతిలో ఒక రసీదు పట్టుకుని వచ్చాను.

నాలుగూ యాభైకి హైదరాబాద్ బస్సు ఎక్కాం. మంజుల నాతోనే వస్తోంది. రాత్రికి మా ఇంట్లో ఉండి పొద్దున పరిశీలనకు వెళ్తుంది. శరణప్ప బస్టాండులో డజను అరటిపళ్లు కొని కిటికీలోంచి అందించాడు. ఏదో చెప్పబోయి, "పైలం," అని మాత్రం అన్నాడు. అమ్మాయి కవరును ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది.

నాలుగు మాటలు చదువుకున్నవాళ్లకు చెప్తున్నాను. పరాయి భాష వచ్చి దాన్ని ఊరికి ఉపయోగపెట్టాలనుకుంటే, తప్పకుండా చేయండి. కాని ఎన్ని పేజీలో అడగండి, మొత్తం చూపించనిదే ముట్టకండి, ఎవరి కోసమో వాళ్లతోనే ఒకసారి మాట్లాడండి. నేను నాలుగేళ్లు కాగితాలతో మాట్లాడాను, మనుషులతో మాట్లాడలేదు. ఈ ప్రయాణంలో నాకు దక్కిన ఇంగితం అదొక్కటే, అదీ ఆలస్యంగా.

సదాశివపేట దాటాక మంజుల ఫోను టింగుమంది. సమితి వాట్సాప్ గ్రూపు. అందులో నా ఫోటో, మైకు పట్టుకుని, చెయ్యి పైకెత్తి ఉన్నాను. కింద రాశారు: "మన కార్యక్రమంలో అభ్యర్థులకు అమూల్యమైన సందేశం ఇస్తున్న మేడం గారు." నేను వాళ్ల గుట్టు బయటపెడుతున్న ఫోటో అది! బస్సులో అందరూ తిరిగి చూసేంత గట్టిగా తిట్టాను. మంజుల వంచిన తల ఎత్తకుండా ఆ ఫోటో కింద నాలుగో పేజీ మొత్తం తెలుగులో టైపు చేసింది. పంపింది. నిమిషం కూడా గడవలేదు, ఆమెను గ్రూపులోంచి తీసేశారు.

తీసేస్తే ఏమైంది, అప్పటికే చదివినవాళ్లు చదివారు. సంగారెడ్డి వచ్చేలోపు మూడు ఫోన్లు వచ్చాయి. హాలుకు రానివాళ్లు, మటన్ తిని ఇంటికి పోయినవాళ్లు. "మీ అమ్మను, నాయిన్ను తీస్కపో. ఒక్కదానివే పోకు. ఇచ్చేదాంక ఆ గడపల కూసో," అని ఒక్కొక్కరికీ చెప్తోంది. నాలుగో ఫోను మోగుతుంటే ఎత్తకుండా నా వైపు తిరిగింది.

"మేడం, గా పేపరు కింద మీ సంతకం ఉన్నది గద, ఎట్ల నమ్మొద్దు అని అడుగుతున్నరు. మీ పేరు చెప్పాల్నా?"

"చెప్పు," అన్నాను. "ఆ సంతకం నాదే. దాన్ని నమ్మొద్దని నేనే చెప్తున్నానని చెప్పు."

ఆమె ఫోనెత్తి ఆ మాటే చెప్పింది. అవతలి గొంతు ఏదో అంది, నమ్మలేదేమో. మంజుల ఫోను నా చేతిలో పెట్టింది.